హోండా సిటీ ముందు బ్రేకు డిస్కు స్క్రూ పట్టేసింది, ప్లస్ గాడి గుల్లయింది. ఎలా తీయాలి?

సింగ్‌నగర్ సిటీ | ఆదివారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. బండి 2014 హోండా సిటీ, పెట్రోలు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. హైవే మీద ఎనభైలో బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది. ముందు డిస్కులు రెండూ, ప్యాడ్లూ కొత్తవి తెచ్చి ఇంటి దగ్గరే మార్చుకుందామని మొదలుపెట్టా. ఎడమ పక్క సాఫీగా అయిపోయింది. కుడి పక్క డిస్కును హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) పట్టి ఉంచే స్క్రూలు రెండింటిలో ఒకటి వచ్చేసింది. రెండోదాని గాడి నేను చేయి పెట్టక ముందే గుండ్రంగా అరిగి ఉంది. పాత ఓనరు దగ్గర ఎవరో తిప్పి తిప్పి వదిలేసినట్టున్నారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఈ బండి నీళ్లలో నిలబడింది. ఆ సంగతి తెలిసే తీసుకున్నా. ఇంజనూ వైరింగూ బాగు చేయించి అమ్మారు, బ్రేకుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. రాత్రి స్క్రూ చుట్టూ కిరోసిన్ పోసి వదిలా. పొద్దున చూస్తే చలనం లేదు.

బండి స్టాండు మీద ఉంది, చక్రం ఊడదీసి ఉంది. మెకానిక్ షెడ్లుండే విజయవాడ ఆటోనగర్ దగ్గరే కానీ ఈ పరిస్థితిలో తోలుకెళ్లలేను. ఏం చేయమంటారు?

ఆటోనగర్ అబ్బాయి | 9:24

అన్నా, ముందు తిప్పడం ఆపెయ్. ఇంకో రెండు సార్లు జారిందంటే ఆ కాస్త గాడి కూడా మిగలదు.

ఏ బిట్ (స్క్రూడ్రైవర్ కొస) వాడుతున్నావో చెప్పు. ఇంట్లో అందరి దగ్గరా ఉండే స్టార్ (ప్లస్) స్క్రూడ్రైవర్ నంబర్ 2. హోండా డిస్కు స్క్రూకి పట్టేది నంబర్ 3. నంబర్ 2 కూడా లోపలికి పోతుంది, పట్టినట్టే అనిపిస్తుంది, బలం పెట్టగానే పైకి ఎగదన్ని గాడి అంచులు కోసేస్తుంది. నీ పాత ఓనరు దగ్గర జరిగింది అదే అయుంటుంది. మా షెడ్డుకి ఇట్టాంటి బండ్లు రోజూ వస్తాయి.

సింగ్‌నగర్ సిటీ | 9:31

నంబర్ 3 బిట్టే తమ్ముడూ. ఎడమ పక్కవి రెండూ, కుడి పక్క ఒకటీ దాంతోనే వచ్చాయి. ఫొటో పెట్టా చూడు. నాలుగు రెక్కల్లో రెండు పూర్తిగా పోయాయి, మిగతా రెండూ సగం సగం ఉన్నాయి. గాడి అడుగున తుప్పు గట్టిపడి ఉంది.

కానూరు కుర్రాడు | 9:40

బ్రదర్, బ్రేకులతో ప్రయోగాలు ఎందుకు? ఫోన్ కొడితే మెకానిక్ ఇంటికే వస్తాడు. ఆదివారం హాయిగా బిర్యానీ తిని పడుకోక.

బ్రాడీపేట బండి | 9:52

కుర్రాడు గారూ, ఆయన అడిగింది స్క్రూ గురించి, బిర్యానీ గురించి కాదు. ఆ వచ్చే మెకానిక్ కూడా ఇదే స్క్రూతో కుస్తీ పట్టాలి.

సిటీ గారూ, ఫొటో చూశా. ఇంకా ఆశ ఉంది. నేనైతే ఇలా చేస్తా. సన్నటి మేకుతో గాడి అడుగున ఉన్న తుప్పంతా గీకి తీసేయండి. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. అడుగున మట్టి ఉంటే బిట్ పూర్తిగా కిందికి దిగదు, పై అంచుల మీదే వేలాడుతుంది. తర్వాత బిట్‌ను గాడిలో నిలబెట్టి సుత్తితో నిటారుగా నాలుగైదు దెబ్బలు వేయండి. తిప్పొద్దు, కొట్టడం వరకే. ఆ దెబ్బలకు రెండు పనులు జరుగుతాయి. అరిగిన గాడిలోకి బిట్ కొంచెం కొత్త చోటు చేసుకుంటుంది, స్క్రూ తల కింద పట్టిన తుప్పు పగులుతుంది.

ఆ తర్వాత ఇంపాక్ట్ డ్రైవర్. కరెంటుది కాదు, సుత్తితో కొట్టేది. చేతిలో పట్టేంత లావుగా ఇనుప కడ్డీలా ఉంటుంది, కొట్టిన ప్రతి దెబ్బకీ లోపలి స్ప్రింగు వల్ల బిట్ కాస్త తిరుగుతుంది. నొక్కడం, తిప్పడం ఒకే క్షణంలో జరుగుతాయి కాబట్టి బిట్ పైకి ఎగదన్నే అవకాశం తక్కువ. కొట్టే ముందు దాని ఒళ్లు ఊడే వైపుకి తిప్పి పెట్టారో లేదో చూసుకోండి. బిగించే వైపు ఉంచి బాదితే ఆ స్క్రూ ఇక ఈ జన్మలో రాదు. డ్రైవర్‌ను ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని ఊడే వైపుకి మెలితిప్పి ఉంచుతూ, కుడి చేత్తో కిలో సుత్తితో ఒక్కటి వేయండి. పావుకిలో సుత్తితో టకటకా కొడితే పని జరగదు. కళ్లజోడు తప్పనిసరి. బిట్ ముక్క ఎగిరితే నేరుగా కంట్లోకే.

వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ దొరికితే బిట్ కొసకి కాస్త రాయండి. ఇసుకలా గరుగ్గా ఉంటుంది, జారనివ్వదు.

సింగ్‌నగర్ సిటీ | 10:05

పక్క వీధిలో బైకు మెకానిక్ దగ్గర ఇంపాక్ట్ డ్రైవర్ ఉందట, తెస్తా. ఒక అనుమానం. హబ్ మీద అంత బలంగా కొడితే బేరింగ్ పాడవదా?

బ్రాడీపేట బండి | 10:11

నాలుగైదు దెబ్బలకు ఏమీ కాదు. అదే పనిగా అరగంట బాదితే నేను హామీ ఇవ్వలేను. ఆరేడు దెబ్బల్లో కదలకపోతే ఆ దారి వదిలేయండి.

లేత్ బాబాయ్ | 10:38

గుంటూరు, లేత్ షాపు. లారీ డ్రమ్ములు, ట్రాక్టరు హబ్బులు మా దగ్గరికి వస్తుంటాయి. కారు బ్రేకులు తక్కువే కానీ ఇనుము ఎక్కడైనా ఇనుమే. ఒక్క సంగతి చెబుతా, మీ భయం సగం పోతుంది.

ఆ స్క్రూ ఎందుకు రావట్లేదో ఆలోచించండి. అందరూ మరల్లో తుప్పు పట్టిందనుకుంటారు. మరల్లో ఉండేది కొంచెమే. అసలు పట్టు ఉన్నది తల దగ్గర. ఆ స్క్రూ తల కింద చదునుగా ఉండదు, గరాటులా ఏటవాలుగా ఉండి డిస్కులో చేసిన ఏటవాలు గుంటలో కూర్చుంటుంది. బిగించేకొద్దీ చీలలా దిగబడుతుంది. ఆ సందులోకి నీళ్లు పోయి తుప్పు పడితే, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అప్పుడు తలను చుట్టూరా ఒత్తి పట్టేస్తుంది. పైగా డిస్కు వేడెక్కడం, చల్లారడం రోజూ ఉండేదే.

కాబట్టి తల తీసేస్తే పట్టు పోయినట్టే. మిగిలిన కాడ హబ్బులో వదులుగా ఉంటుంది. చాలాసార్లు వేళ్లతోనో, గ్రిప్ ప్లయర్‌తోనో తిప్పితే వచ్చేస్తుంది. గాడి పోయిందని కంగారుపడి హబ్బంతా మార్చాలని చెప్పేవాళ్లని నమ్మొద్దు.

డిస్కు ఎలాగూ పారేసేదే కదా? అయితే డ్రిల్లు పెట్టండి. డిస్కుకి గాయమైనా నష్టం లేదు. అదే డిస్కును మళ్లీ వాడాలనుకునేవాళ్లయితే చేయి నిదానంగా ఉండాలి.

సింగ్‌నగర్ సిటీ | 10:44

పారేసేదే బాబాయ్ గారూ. డ్రిల్లు ఉంది, గోడలకి వాడేది. బిట్లు ఏ సైజు కావాలి?

లేత్ బాబాయ్ | 10:58

స్క్రూ ఎం6. కాడ మందం ఆరు మిల్లీమీటర్లు. హ్యామరు మోడ్ తీసేయండి, గోడకు వాడే బిట్ ఇనుముకి పనికిరాదు, ఇనుప పనికి వాడే హెచ్ఎస్ఎస్ బిట్లే తెచ్చుకోండి. మూడు మిల్లీ ఒకటి, ఆరున్నర ఒకటి చాలు.

ప్లస్ గాడి నడిమధ్యలో గుంట ఉంటుంది, బిట్ దానంతటదే అక్కడ కూర్చుంటుంది. గాడి మరీ చెదిరిపోతే సెంటర్ పంచ్‌తో ఒక చుక్క పెట్టుకోండి. మూడు మిల్లీతో కొంచెం లోతుకి దారి చేయండి. తర్వాత ఆరున్నర. స్పీడు తక్కువ, ఒత్తిడి ఎక్కువ. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. స్పీడుగా తిప్పి పైపైన ఆనిస్తే బిట్ కాలి నీలం రంగు తిరుగుతుంది, కోయడం మానేస్తుంది, స్క్రూ తల వేడికి ఇంకా గట్టిపడుతుంది. మధ్యమధ్యలో ఒక చుక్క ఆయిల్ వేయండి. పొడి రాలుతుంటే బిట్ మొండిదని గుర్తు. సన్నటి చుట్టలు చుట్టలుగా రావాలి.

తల మందం మూడు మిల్లీకి అటూఇటూగా ఉంటుంది. నాలుగు మిల్లీ దిగేసరికి తల ఉంగరంలా తెగి బిట్టుకే చుట్టుకుని పైకొస్తుంది. అక్కడితో ఆపేయండి. ఉత్సాహంతో ఇంకా లోపలికి పోతే హబ్బులో మరలు పోతాయి.

ఆటోనగర్ అబ్బాయి | 11:05

బాబాయ్ చెప్పింది వంద శాతం కరెక్ట్. నేనింకోటి కలుపుతా. ఈజీ అవుట్ అని దొరుకుతుంది, మధ్యలో రంధ్రం చేసి ఎడమ మర ఉన్న కడ్డీని దించి తిప్పేది. ఈ స్క్రూకి దాని జోలికి పోవద్దు. చిన్న సైజు ఈజీ అవుట్ బాగా గట్టి ఇనుము, పెళుసు. లోపల విరిగిందా, మామూలు డ్రిల్లు దాన్ని తాకనైనా తాకదు. అప్పుడు నిజంగానే బాబాయ్ షాపుకి రావాలి.

పోలో పిచ్చోడు | 11:20

భవానీపురం నుంచి. నాదొక సందేహం. అసలు ఆ స్క్రూ వల్ల ఉపయోగం ఏంటి? చక్రం నట్లు బిగించాక డిస్కు ఎక్కడికి పోతుంది? తీసేశాక మళ్లీ పెట్టకుండా వదిలేస్తే పోలా?

బ్రాడీపేట బండి | 11:29

డిస్కును నడిపేటప్పుడు పట్టి ఉంచేది చక్రం నట్లే. ఆ స్క్రూ ఫ్యాక్టరీ లైనులో చక్రం ఎక్కించే లోపు డిస్కు కిందపడకుండా, హబ్బుకు సమంగా కూర్చుని ఉండటానికి. అది లేకుండా తిరిగే హోండాలు రోడ్డు మీద బోలెడు. నా అభిప్రాయం అడిగితే ఉంటే పెట్టండి, లేకపోతే కొంపేమీ మునగదు.

మీ ఫోక్స్‌వ్యాగన్ పోలో సంగతి వేరు. మీకు హబ్బుకు స్టడ్లు (నట్లు ఎక్కించే మర కడ్డీలు) ఉండవు, చక్రం బోల్టులే హబ్బులోకి దిగుతాయి. పంక్చరుకి చక్రం తీసినప్పుడల్లా డిస్కును పట్టి ఉంచేది ఆ ఒక్క స్క్రూనే. అది లేకపోతే డిస్కు జరిగి, బోల్టు రంధ్రాలు ఎదురెదురు కుదరవు. డిస్కుకీ హబ్బుకీ మధ్య తుప్పు పెళ్లలు పడే అవకాశం కూడా ఉంది. మీరు పెట్టుకోవాల్సిందే. మీది ప్లస్ కాదు, ఆరు కోణాల టార్క్స్, టి30.

ఆటోనగర్ అబ్బాయి | 11:34

నేను ఒప్పుకోను. కంపెనీ పెట్టింది తీసేయడం దేనికి? హోండాకైనా పెట్టాల్సిందే. ప్యాడ్లు మార్చేటప్పుడు చక్రం తీస్తే డిస్కు స్టడ్ల మీద అటూఇటూ ఊగుతుంటుంది, సందులోకి మట్టి పోతుంది. మళ్లీ వణుకు. పది రూపాయల వస్తువుకి కక్కుర్తి ఎందుకు.

బ్రాడీపేట బండి | 11:37

చక్రం తీసినప్పుడు రెండు నట్లు తగిలించి ఉంచితే డిస్కు ఊగదు కదా తమ్ముడూ. సరే, ఇది తెగే పంచాయతీ కాదు.

మంగళగిరి స్విఫ్ట్ | 12:02

మాకు ఆ బాధే లేదు. స్విఫ్టులో డిస్కుకి స్క్రూ ఉండదు. వెనక డ్రమ్ముకి మాత్రం రెండు మర రంధ్రాలుంటాయి. డ్రమ్ము హబ్బుకి అతుక్కుపోతే రెండు ఎం8 (ఎనిమిది మిల్లీ) బోల్టులు వాటిలో పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే డ్రమ్ము అదే బయటికి తోసుకొస్తుంది. హ్యాండ్ బ్రేకు దించి ఉండాలి, లేకపోతే లైనర్లు డ్రమ్మును పట్టుకుని ఉంటాయి.

సిటీ గారూ, మీ డిస్కులో కూడా అలాంటి రెండు రంధ్రాలుంటాయి చూడండి. స్క్రూ తీశాక పనికొస్తాయి.

కానూరు కుర్రాడు | 12:15

ఇంత తతంగమా! తల మీద నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టి పానాతో తిప్పేస్తే అయిపోదా? మా ఫ్రెండ్ షెడ్డులో అట్టాగే చేస్తారు.

లేత్ బాబాయ్ | 12:40

చేస్తారు బాబూ, నేనూ చేస్తా. వెల్డింగు వేడికి తుప్పు పట్టు కూడా వదులుతుంది, మంచి పద్ధతే. కానీ ఇంటి ముందు కారు కింద కూర్చుని చేసేవాళ్లకి కొన్ని చూసుకోవాలి. బ్యాటరీ తీగ ఊడదీయాలి. ఎర్త్ క్లిప్పు ఆ డిస్కుకే పెట్టాలి. బండి బాడీకి పెడితే కరెంటు చక్రం బేరింగు మీదుగా పోయి గుండ్లను కాల్చి మచ్చలు వేస్తుంది. పక్కనే ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) సెన్సరు ఉంటుంది, దాని తీగ ఉంటుంది, రబ్బరు హోసు ఉంటుంది, అందులో బ్రేకాయిల్ ఉంటుంది. బ్రేకాయిల్‌కి మంట అంటుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, అంతకుముందు బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి ఉంటే వెల్డింగు పెట్టొద్దు. కొన్ని క్లీనర్లలో క్లోరిన్ ఉన్న ద్రావకాలుంటాయి. వాటికి ఆర్క్ వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువు అది. డబ్బా మీద ఏం రాసుందో చదివే ఓపిక లేనివాళ్లు వెల్డింగు మాట మర్చిపోండి.

కానూరు కుర్రాడు | 12:44

అమ్మో. వెనక్కి తీసుకుంటున్నా.

పోలో పిచ్చోడు | 13:10

డబ్ల్యూడీ-40 ఎవరూ చెప్పలేదేం? అది కొట్టి పదినిమిషాలు వదిలితే ఏదైనా రావాల్సిందే అంటారుగా.

బ్రాడీపేట బండి | 13:22

డబ్ల్యూడీ అంటేనే నీటిని తరిమేది. 1950లలో అమెరికాలో రాకెట్ల ఒంటికి తుప్పు పట్టకుండా తయారుచేశారు, నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి 40. తేలికపాటి తుప్పుకి బాగానే పనిచేస్తుంది. గట్టిగా పట్టేసినదానికి అదే కంపెనీ వేరే పెనెట్రెంట్ (తుప్పు సందుల్లోకి దిగే నూనె) డబ్బా అమ్ముతుంది. పది నిమిషాలు కాదు, రాత్రంతా వదిలి, మధ్యలో సుత్తితో తట్టుతూ ఉంటే లోపలికి దిగుతుంది. కొత్త డిస్కు మీదా, ప్యాడ్ల మీదా మాత్రం ఒక్క చుక్క కూడా పడనివ్వొద్దు. ప్యాడ్ నూనె పీల్చిందంటే పారేయడమే.

సింగ్‌నగర్ సిటీ | 15:47

వచ్చేసింది!

ముందు గాడి గీకి ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టా. మూడో దెబ్బకి మిగిలిన రెండు రెక్కలూ కూడా పోయాయి, బిట్ గిర్రున తిరిగింది. ఇక డ్రిల్లే అనుకుని బిట్లు తెచ్చా. మూడు మిల్లీ సులువుగా దిగింది. ఆరున్నర పెట్టి బాబాయ్ గారు చెప్పినట్టు నిదానంగా నొక్కితే మొదట పొడి, తర్వాత మెరుస్తూ చుట్టలు. కాసేపటికి డ్రిల్లు చేతిలో ఒక్కసారి గుంజింది, సన్నగా టక్‌మంది. బయటికి తీస్తే స్క్రూ తల ఉంగరంలా బిట్టు మెడకి ఉంది. గరాటు వైపంతా నల్లటి తుప్పు, ఒక్కచోట కూడా తెల్లటి ఇనుము కనిపించలేదు.

తల పోయినా డిస్కు రాలేదు. మంగళగిరి వారి మాట గుర్తొచ్చి చూస్తే రంధ్రాలు రెండూ ఉన్నాయి, నిండా బురద. వరద బురదే, ఎండి మట్టిగడ్డలా ఉంది. మేకుతో తవ్వి, ఎం8 బోల్టులు రెండు పెట్టి ఇటు పావు తిప్పు, అటు పావు తిప్పు బిగిస్తూ పోతే పెద్ద శబ్దంతో ఊడింది. రెండు చక్రం నట్లు ముందే తగిలించి ఉంచా కాబట్టి కాలి మీద పడలేదు. మిగిలిన కాడ హబ్బు బయటికి కాస్త పొడుచుకొచ్చి ఉంది. గ్రిప్ ప్లయర్ పెడితే చిత్రంగా వెన్నలో కత్తిలా తిరిగొచ్చేసింది!

అందరికీ దండాలు. ఇప్పుడు హబ్ ముఖం చూస్తే తుప్పు పెళ్లలు పెళ్లలుగా ఉంది. ఇలాగే కొత్త డిస్కు ఎక్కించొచ్చా?

ఆటోనగర్ అబ్బాయి | 15:55

అస్సలొద్దు! నీ వణుకుకి మూలం అదే అయుండొచ్చు అన్నా. డిస్కు వంకరపోయింది అని అందరూ అంటారు. సగం బండ్లలో హబ్బుకీ డిస్కుకీ మధ్య తుప్పు పెళ్ల ఇరుక్కుని డిస్కు ఒక పక్కకి ఒరిగి తిరుగుతుంటుంది. హబ్ దగ్గర వెంట్రుక మందం తేడా ఉన్నా డిస్కు అంచుకి వచ్చేసరికి ఎక్కువవుతుంది. కొత్త డిస్కు పెట్టినా కొన్ని వేల కిలోమీటర్లలో ఒక పక్క ఎక్కువ అరిగి మళ్లీ స్టీరింగ్ ఊగుతుంది.

వైర్ బ్రష్, ఎమరీ పేపరు పట్టి, ముఖమంతా చదునుగా అయ్యేదాకా రుద్దు. స్టడ్ల మొదళ్ల చుట్టూ ఉన్న తుప్పే మొండిది, అక్కడ ఎక్కువ రుద్దాలి. ఎడమ పక్క శుభ్రం చేశావా?

సింగ్‌నగర్ సిటీ | 16:02

చేశా. ఎడమ హబ్ ఇంత దారుణంగా లేదు.

లేత్ బాబాయ్ | 16:20

డ్రిల్లు పొట్టు సంగతి మర్చిపోకండి. ఏబీఎస్ ఉన్న బండి అయితే ఆ ఇనుప పొట్టు సెన్సరు కొసకి అతుక్కుంటుంది, తర్వాత ఏబీఎస్ దీపం వెలిగి తల పట్టుకుంటారు. నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి పట్టొద్దు. బ్రేకు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. పాత ప్యాడ్లు ఎక్కడివో, వాటిలో ఆస్బెస్టాస్ ఉందో లేదో ఎవరికి తెలుసు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

కొత్త స్క్రూకి మరల మీదా, తల ఏటవాలు మీదా కాపర్ గ్రీజు పలచగా రాయండి. ఎక్కువ రాస్తే వేడికి కరిగి డిస్కు మీదికి పాకుతుంది. హోండా చెప్పిన బిగింపు 9.8 న్యూటన్ మీటర్లు. మామూలు స్క్రూడ్రైవర్‌తో మణికట్టు బలం మేరకు బిగిస్తే అంతే వస్తుంది. కొందరు ఇంపాక్ట్ డ్రైవర్‌తోనే బిగించేస్తారు, తర్వాత విప్పేవాడి ప్రాణం తీయడానికి.

బ్రాడీపేట బండి | 16:31

చక్రం స్టడ్లకి మాత్రం గ్రీజు రాయొద్దు. నట్లు పొడిగా ఉన్నప్పటి లెక్క 108 న్యూటన్ మీటర్లు. గ్రీజు రాసి అదే అంకె పెడితే స్టడ్డు మీద లాగుడు ఎక్కువైపోతుంది. క్యాలిపర్‌ను (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగాన్ని) హోసు మీద వేలాడదీయలేదు కదా? తీగతో స్ప్రింగుకి కట్టి ఉంచండి.

క్యాలిపర్ జారే పిన్నులు తీసినప్పుడు వాటికి రాసేది బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు. మామూలు బేరింగు గ్రీజు రాస్తే లోపలి రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. వరదలో మునిగిన బండి కదా, ఆ పిన్నులు చేత్తో జరుగుతున్నాయో లేదో తప్పకుండా చూడండి.

బాపట్ల ఉప్పుగాలి | 17:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది సూర్యలంక దగ్గర. ఉప్పుగాలికి క్యాలిపర్ మీద గాలి తీసే నిపుల్ పట్టేసింది. బ్రేకాయిల్ మార్చాలి. దానికి కూడా ఇలాగే సుత్తి, ఇంపాక్టు వాడొచ్చా?

లేత్ బాబాయ్ | 17:33

వద్దు నాయనా. అదీ ఇదీ ఒకటి కాదు. డిస్కు స్క్రూ విరిగితే నష్టం లేదు, పైగా మనమే విరగ్గొడతాం. నిపుల్ లోపల బోలుగా ఉంటుంది, మెడ దగ్గర గోడ పలచన. విరిగిందంటే ముక్క క్యాలిపర్‌లో ఉండిపోతుంది, ఆయిల్ కారుతుంది, బండి ఇక కదలకూడదు.

ఓపెన్ పానా పెట్టొద్దు, మూలలు కోసేస్తుంది. ఆరు మూలల సాకెట్టో, ఆరు మూలల రింగు పానానో వాడు. పన్నెండు మూలలది కూడా వద్దు. పైన రబ్బరు టోపీ తీసి, చుట్టూ వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి పెనెట్రెంట్ కొట్టి రాత్రంతా వదులు. మర్నాడు నిపుల్ తల మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టు. తర్వాత విప్పే వైపు కాదు, ముందు బిగించే వైపు రవ్వంత కదిలించు. కదిలితే చాలు, తుప్పు తెగినట్టే. ఆపైన అటూఇటూ ఊపుతూ విప్పు. మొండికేసి బిగుసుకుని, పానా స్ప్రింగులా మెత్తగా సాగుతున్నట్టు చేతికి తెలుస్తుంది చూడు, అది నిపుల్ మెలిపడుతున్న గుర్తు. అక్కడే ఆపి క్యాలిపర్ ఊడదీసి షాపుకి పట్రా.

బాపట్ల ఉప్పుగాలి | 17:41

ఆరు మూలల సాకెట్ కొంటా బాబాయ్ గారూ. థాంక్సండి.

సింగ్‌నగర్ సిటీ | 19:28

అంతా బిగించేశా. కుడి క్యాలిపర్ కింది పిన్ను నిజంగానే పట్టేసి ఉంది, తీసి రుద్ది గ్రీజు పెట్టాక జారుతోంది. పాత ప్యాడ్లలో లోపలిది సగానికి సగం ఎక్కువ అరిగి ఉంది. అరిగిన స్క్రూ స్థానంలో కొత్తది ఒకటి పెట్టా. పాతవి మూడూ బాగానే ఉన్నాయి, అవే వాడా. ఇప్పుడు బండి తీసి బెంజి సర్కిల్ దాకా వెళ్లి చూద్దామా?

ఆటోనగర్ అబ్బాయి | 19:33

ఆగన్నా! బండి కదిలించే ముందు పెడల్ నొక్కావా? కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లు వెనక్కి తోసి ఉంటావు. మొదటి రెండు మూడు తొక్కుళ్లకి పెడల్ నేలకి దిగిపోతుంది, బ్రేకే ఉండదు. బండి నిలబెట్టే ఉంచి పెడల్ గట్టిపడేదాకా నొక్కు. తర్వాత బానెట్ తీసి బ్రేకాయిల్ డబ్బా చూడు. పిస్టన్ తోసినప్పుడు ఆయిల్ పొంగి పెయింటు మీద పడి ఉంటే వెంటనే నీళ్లతో కడుగు, పెయింటు తినేస్తుంది.

బెంజి సర్కిల్ వద్దు, ఆదివారం సాయంత్రం ఆ ట్రాఫిక్కులో ఏం తెలుస్తుంది. ముందు మీ వీధిలోనే పది కిలోమీటర్ల స్పీడులో ఆపి చూడు. తర్వాత గొల్లపూడి వైపు ఖాళీ రోడ్డు చూసుకుని, యాభై నుంచి పదికి మెల్లగా తగ్గిస్తూ కొన్నిసార్లు తొక్కు. పూర్తిగా ఆపి పెడల్ తొక్కిపట్టి ఉంచొద్దు. వేడి మీద ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడుతుంది.

సింగ్‌నగర్ సిటీ | 21:06

వెళ్లొచ్చా. పెడల్ గట్టిగా ఉంది, వణుకు లేదు. కొత్త డిస్కుల వాసన కాస్త వస్తోంది, మామూలేనా?

ఆటోనగర్ అబ్బాయి | 21:10

మామూలే. డిస్కుకి పూసిన రక్షణ నూనె క్లీనర్‌తో తుడవకపోతే ఇంకా ఎక్కువ వస్తుంది. రేపటికి పోతుంది. కొంచెం దూరం తిరిగాక వీల్ నట్ల బిగింపు ఒకసారి మళ్లీ చూసుకో.

కానూరు కుర్రాడు | 21:14

ఆ ఇంపాక్ట్ డ్రైవర్ బైకు మెకానిక్‌కి తిరిగిచ్చేశారా? నాకూ వెనక చక్రంలో ఒకటి పట్టేసింది. రేపు పొద్దున వచ్చి తీసుకోనా?